బేస్‌బాల్ కార్డుల పద్దు

ఇవాళ్టి బేస్‌బాల్ కార్డు అంటే రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉన్న అట్టముక్క. ముందువైపు ఆటగాడి బొమ్మ ఉంటుంది. వెనకవైపు ఒక నంబరు, అతను ఏ ఏడు ఎన్ని హోమ్ రన్లు కొట్టాడో చెప్పే చిన్న అక్షరాల పట్టిక ఉంటాయి. అమెరికాలో ఇవి అచ్చవడం మొదలై నూట యాభై ఏళ్లు దాటింది. ఒక మోస్తరు సేకర్త దగ్గర కూడా వేలల్లో పోగుపడతాయి. ఏది ఉంది, ఏది లేదు, ఉన్నది ఏ పెట్టెలో ఉంది అన్న లెక్క తేల్చుకోవడమే ఈ అభిరుచిలో సగం పని. ఇప్పుడు ఆ పని ఫోన్లలోని యాప్‌ల చేతికి వచ్చింది. అంతకు ముందు సిగరెట్ కంపెనీలు, సిరక్యూస్‌లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు, పిల్లల పెన్సిళ్లు, ఒక స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, ఒక గ్రేడింగ్ సంస్థ వంతులవారీగా ఆ పద్దు రాస్తూ వచ్చాయి. ఒకరి పద్దు మీద మరొకరిది లేచింది. యాప్‌లో కనబడే ఒక్క వరసను విప్పి చూస్తే ఆ పొరలన్నీ బయటపడతాయి.

1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు దేశమంతా తిరిగి ఆడింది. ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చిన తొలి బేస్‌బాల్ జట్టు అది. న్యూయార్క్‌లో ఆట సామాన్లు అమ్మే పెక్ అండ్ స్నైడర్ దుకాణం ఆ జట్టు ఫొటోను అట్టకు అంటించి, వెనక తన ప్రకటన వేసి పంచింది. మొదటి బేస్‌బాల్ కార్డు ఏదన్న తగాదాలో తరచు వినబడే పేరు దానిదే. అయితే కార్డులు గుట్టలుగా పుట్టింది సిగరెట్ల వల్ల. సిగరెట్లు చుట్టే యంత్రానికి జేమ్స్ బాన్సాక్ 1881లో పేటెంటు పొందాక సరుకు పెరిగింది, దానితోపాటు కంపెనీల మధ్య పోటీ పెరిగింది. మెత్తటి కాగితం ప్యాకెట్లో సిగరెట్లు నలగకుండా గట్టి అట్ట ఒకటి పెట్టేవారు. ఎలాగూ పెడుతున్న అట్ట మీద బొమ్మ వేస్తే కొనేవాడు మళ్లీ వస్తాడు. నటీమణులు, పక్షులు, దేశాల జెండాలు ఆ అట్టల మీదికి ఎక్కాయి. బేస్‌బాల్ ఆటగాళ్లూ అలాగే ఎక్కారు.

వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు చెందిన అలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో ప్రపంచ విజేతల పేరుతో 50 కార్డులు వేసింది. అందులో బేస్‌బాల్ ఆటగాళ్లు పదిమందే. మిగిలినవాళ్లలో మల్లయోధులు, ముష్టియోధులు, పడవ పందెగాళ్లు, తుపాకీ గురిలో పేరు మోసిన ఆనీ ఓక్లీ వంటివాళ్లు ఉన్నారు. ఆ కార్డుల వెనక కంపెనీ చేసిన పని గమనించదగ్గది: యాభైమంది పేర్లూ అచ్చువేసింది. కొన్నవాడికి తన దగ్గర లేనివి ఎవరివో ప్యాకెట్ విప్పిన క్షణంలోనే తెలిసిపోయేది. జాబితా అమ్మకానికి పనికొస్తుందని అప్పుడే తేలిపోయింది. అగ్గిపెట్టెల మీది బొమ్మలో, బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలో దాచుకున్న తెలుగు పిల్లలకు ఆ యావ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

అందరూ అంత శ్రద్ధ చూపలేదు. న్యూయార్క్‌లోని గుడ్‌విన్ కంపెనీ తన ఓల్డ్ జడ్జ్ సిగరెట్లతో 1886 నుంచి 1890 దాకా పంచిన ఫొటో కార్డుల్లో వందలమంది ఆటగాళ్లున్నారు. ఒక్కొక్కరివి అనేక భంగిమలు. స్టూడియోలో దారానికి బంతి వేలాడదీసి, పట్టుకుంటున్నట్టు నిలబెట్టి తీసిన ఫొటోలవి. మొత్తం ఎన్నో చెప్పే పట్టిక కంపెనీ ఇవ్వలేదు. నూరేళ్లు దాటాక కూడా ఎవరూ చూడని భంగిమ ఏదో ఒకటి బయటపడుతూ ఉండేది.

1890లో జేమ్స్ బుకానన్ డ్యూక్ పెద్ద కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీ పెట్టాడు. పోటీ పోవడంతో బొమ్మల అవసరమూ పోయింది. కార్డులు మళ్లీ పెద్దయెత్తున వచ్చింది 1909-11 మధ్య. అప్పుడు ఆ కంపెనీ వేసిన ఐదువందల పైచిలుకు రంగుల కార్డుల వరసే ఇవాళ సేకర్తల నోట అన్నిటికంటే ఎక్కువ నానే వరస. వాటి మీద నంబర్లు లేవు. ముందువైపు ఒకే బొమ్మ, వెనకవైపు మాత్రం పీడ్‌మాంట్, స్వీట్ కాపోరల్ వంటి పదహారు సిగరెట్ బ్రాండ్లలో ఏదో ఒకదాని ప్రకటన. పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ తన కార్డు వద్దన్నాడు. పిల్లలు పొగాకు కొనడం ఇష్టం లేక అన్నాడని కొందరు, సొమ్ము ఇవ్వలేదని అన్నాడని కొందరు చెబుతారు. అచ్చు ఆగేలోపు బయటికి వచ్చినవాటిలో ఇవాళ మిగిలినవి సుమారు 50 నుంచి 60.

1911లో సుప్రీంకోర్టు ఆ గుత్త సంస్థను ముక్కలు చేసింది. ఆ తర్వాత కార్డులు మిఠాయిలతో, రొట్టెలతో, బబుల్‌గమ్‌తో వచ్చాయి. బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ 1933లో 240 కార్డుల వరస వేసింది. నంబర్లున్న వరస కాబట్టి లోటు వెంటనే కనబడుతుంది. 106వ నంబరు ఎవరికీ దొరకలేదు. గమ్ కొంటూనే ఉండాలన్న ఎత్తుగడతో కంపెనీ దాన్ని అచ్చే వేయలేదన్నది సేకర్తల గట్టి నమ్మకం. ఫిర్యాదు ఉత్తరాలు రాసినవాళ్లకు మరుసటి ఏడు నాప్ లాజవే బొమ్మతో ఆ నంబరు వేసి, ఉత్తరానికి పేపర్ క్లిప్పుతో తగిలించి పంపింది. ఇప్పుడు దొరికే ప్రతుల్లో చాలావాటి మీద ఆ క్లిప్పు నొక్కిన గుర్తు ఉంటుంది. కంపెనీ దాచిపెట్టినదాన్ని బయటికి లాగింది పిల్లలు ఇంట్లో వేసుకున్న లెక్కే.

కంపెనీల జాబితాలన్నీ ఎవరి సరుకుకు వాళ్లవి. మొత్తం అమెరికా కార్డులకు ఒకే పద్దు రాయాలనుకున్నవాడు జెఫర్సన్ బర్డిక్. 1900లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. సిరక్యూస్‌లోని క్రౌస్-హైండ్స్ అనే విద్యుత్ పరికరాల కంపెనీలో విడిభాగాలు బిగించే పని చేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. కీళ్లవాతం చిన్న వయసులోనే పట్టుకుని, ఏటేటా వేళ్లను బిగదీస్తూ వచ్చింది. అతనికి ఆటంటే ప్రాణమేమీ కాదు. కార్డుల మీద ఉన్నది ఆటగాడైనా, పక్షి అయినా, సినిమా నటి అయినా అతనికి ఒకటే. జనం పారేసే అచ్చుకాగితంలో ఒక కాలం చరిత్ర ఉందన్నది అతని పట్టుదల. 1937లో సేకర్తల కోసం చిన్న పత్రిక మొదలుపెట్టాడు. 1939లో తొలి కేటలాగు తెచ్చాడు. అదే తర్వాత ‘అమెరికన్ కార్డ్ కేటలాగ్’ పేరుతో 1946, 1953, 1960లలో పెరుగుతూ వచ్చింది.

అతని పద్ధతి చూడటానికి సులువు. ఒక అక్షరం, ఒక అంకె. పంతొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’, ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు ‘టీ’, పాత మిఠాయి, గమ్ కార్డులకు ‘ఈ’, 1930 తర్వాతి మిఠాయి, గమ్ కార్డులకు ‘ఆర్’, రొట్టెల కంపెనీలవాటికి ‘డీ’. అలెన్ అండ్ గింటర్ విజేతల వరస ఎన్28 అయింది, ఓల్డ్ జడ్జ్ ఎన్172, అమెరికన్ టొబాకో కంపెనీ రంగుల వరస టీ206. అప్పటిదాకా ‘తెల్ల అంచున్న సిగరెట్ కార్డులు’ అంటూ ఉత్తరాల్లో తంటాలు పడిన ఇద్దరు సేకర్తలు, ఒకరి మొహం ఒకరు చూడకుండానే, ఒక్క మాటలో బేరం ముగించుకోగలిగారు. ఆ కేటలాగులో బర్డిక్ ధరలు కూడా వేశాడు. చాలావాటికి సెంట్లలోనే, వాగ్నర్‌కు మాత్రం 50 డాలర్లు. ఆ కార్డుకు అంత వెలేమిటని అప్పటివాళ్లు నోరెళ్లబెట్టి ఉంటారు.

తన దగ్గరున్న మూడు లక్షల పైచిలుకు కాగితాలను అతను న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఇస్తానన్నాడు. వాటిలో బేస్‌బాల్ కార్డులు సుమారు 30 వేలు. అచ్చుచిత్రాల విభాగం క్యూరేటర్ హయట్ మేయర్ తీసుకోవడానికి ఒప్పుకున్నాడు గాని, సర్దిపెట్టే బాధ్యత ఇచ్చినవాడిదేనన్నాడు. 1947 నుంచి పెట్టెలు వస్తూ పోయాయి. బర్డిక్ ఉద్యోగం మానేశాక న్యూయార్క్‌కు మకాం మార్చి, మ్యూజియంలో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని, వంగని వేళ్లతో కార్డులను ఆల్బమ్‌లలో అంటిస్తూ వచ్చాడు. 1963 జనవరి 10న ఆఖరి కార్డు అంటించి, కోటు తొడుక్కుని, ఇక రానని చెప్పి వెళ్లాడు. మర్నాడు ఆసుపత్రిలో చేరాడు. రెండు నెలలకు చనిపోయాడు. జిగురు పెట్టి అంటించాడే అని నేటి సేకర్తలు గుండెలు బాదుకుంటారు. కాని ఆ పద్దుకు అమ్మకం ఉద్దేశం లేదు, అందుకే అందులో జిగురుకు చోటుంది. ఆ కార్డుల్లో చాలావాటిని మ్యూజియం ఇప్పుడు తన వెబ్‌సైట్‌లో పెట్టింది.

బర్డిక్ సిరక్యూస్‌లో కేటలాగు సవరించుకుంటున్న రోజుల్లోనే బ్రూక్లిన్‌లో టాప్స్ కంపెనీ కార్డుల వ్యాపారాన్ని మలుపు తిప్పింది. 1938లో షోరిన్ సోదరులు పెట్టిన గమ్ కంపెనీ అది. 1951 శరదృతువులో సై బెర్గర్ అనే ఉద్యోగి తన ఇంటి వంటగది బల్ల మీద వుడీ గెల్మన్‌తో కలిసి మరుసటి ఏడు కార్డు రూపం దిద్దాడు. 1952 వరసలో 407 కార్డులు. ఒక్కసారి కాకుండా, ఆటల కాలం పొడవునా విడతలవారీగా వదిలారు. ఆఖరి విడత బజారుకు వచ్చేసరికి పిల్లల ధ్యాస వేరే ఆటల మీదికి మళ్లింది. సరుకు మిగిలిపోయింది. గోదాములో చోటు కోసం 1960లో బెర్గర్ ఆ పెట్టెలను పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పడేయించాడు. ఆ విడత మొదటి కార్డు, 311వ నంబరు, మిక్కీ మాంటిల్‌ది. మచ్చలేని ప్రతి ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

1956లో టాప్స్ రెండు చెక్‌లిస్ట్ కార్డులు వేసింది. బొమ్మ లేదు, పేర్ల పక్కన చిన్న గడులు. గమ్ ప్యాకెట్లో ఆటగాడికి బదులు జాబితా రావడం పిల్లలకు నిరాశే. అయినా పెన్సిలుతో, పెన్నుతో గడులు నింపారు. 1961 నుంచి చెక్‌లిస్టులకు కూడా వరసలో నంబర్లు ఇచ్చారు. అంటే జాబితా కార్డు లేకపోతే జాబితా పూర్తికాదు! అందరూ వాడేశారు కాబట్టి గీత పడని పాత చెక్‌లిస్ట్ ఇవాళ అరుదైన వస్తువు. ఏ పనికోసం పుట్టిందో ఆ పని చేయనిదానికే వెల.

నంబరులో కూడా కంపెనీ భాష ఉంది. పెద్ద ఆటగాళ్లకు వందల మీద, యాభైల మీద వచ్చే నంబర్లు ఇచ్చేవారు. సాదాసీదా ఆటగాడికి 347 లాంటిది తగిలేది. 1995లో మాంటిల్ చనిపోయాక అతని జెర్సీ నంబరైన 7ను టాప్స్ కొన్నేళ్లపాటు ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఏళ్ల వరసల్లో 7 దగ్గరి ఖాళీ పోయిన కార్డు కాదు, గౌరవం. ఈ సంగతి తెలియనివాడు లేని కార్డు కోసం వెతుక్కుంటాడు.

ఇళ్లలో సర్దే తీరు రెండు రకాలుగా ఉండేది. ఒకటి నంబర్ల వరస, రెండోది జట్ల వరస. జట్ల వరస పెట్టేవాడికి ఆటగాడు జట్టు మారినప్పుడల్లా పని. కొందరు పిల్లలు కార్డు మీది జట్టు పేరు పెన్నుతో కొట్టేసి కొత్త పేరు రాసేవారు. చెప్పుల అట్టపెట్టె, కట్టకు రబ్బరు బ్యాండు, ఇవే సరంజామా. రబ్బరు బ్యాండు కట్టకు అటూ ఇటూ ఉన్న కార్డుల అంచులు కొరికేది. నంబర్ల వరసలో కట్ట కట్టినవాళ్ల దగ్గర మొదటి కార్డు, చివరి కార్డు అందుకే ఎక్కువగా పాడయ్యాయి. ఆ రెండు కార్డులూ శుభ్రంగా దొరికితే ధర పలకడం వెనక కథ అదే. తొమ్మిది అరల ప్లాస్టిక్ పుటలు వచ్చాక ఆల్బమ్‌లు వచ్చాయి గాని, తొలి పుటల్లోని పీవీసీ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ జిడ్డు కక్కి కార్డులకు అంటుకుంది.

1970లలో చిన్నప్పటి పెట్టెలు వెతుక్కునే పెద్దవాళ్లు బయల్దేరారు. వాళ్ల ప్రశ్న వేరు: ఎంత చేస్తుంది? జేమ్స్ బెకెట్ స్టాటిస్టిక్స్‌లో డాక్టరేట్ చేసి, ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. ఏ కార్డుకు ఎంత ఇస్తున్నారో సేకర్తలకు ప్రశ్నావళి పంపి, వచ్చిన జవాబులను లెక్కకట్టాడు. 1979లో డెనిస్ ఎకెస్‌తో కలిసి ధరల పుస్తకం తెచ్చాడు. 1984 నవంబరులో నెలనెలా వచ్చే పత్రిక మొదలైంది. పెరిగిన ధర పక్కన పైకి బాణం, తగ్గితే కిందికి బాణం. ధర వేయాలంటే ముందు ప్రతి కార్డు పేరూ నంబరూ రాయాలి కాబట్టి ఆ పుస్తకం చెక్‌లిస్టుగా కూడా పనిచేసింది. జనం అందులోనే టిక్కులు పెట్టుకున్నారు. బర్డిక్ కేటలాగులో వరసకు పేరుంటే, ఇక్కడ ప్రతి కార్డుకూ పక్కన డాలర్లున్నాయి. పదేళ్ల పిల్లవాడు ఈ కార్డు ఎవరిది అనడం మాని ఈ కార్డు ఎంత అనడం ఆ పత్రికతోనే మొదలైందని పాత సేకర్తలు ఇప్పటికీ సణుగుతారు. ఆ సణుగుడులో అబద్ధం పెద్దగా లేదు.

1980లో కోర్టు తీర్పు బేస్‌బాల్ కార్డుల మీద టాప్స్ గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసింది. 1981లో ఫ్లీర్, డాన్రస్ కంపెనీలు బరిలోకి దిగాయి. హడావిడిలో తప్పులు దొర్లాయి. ఫ్లీర్ తన వరసలో గ్రేగ్ నెటిల్స్ పేరును క్రేగ్ అని వేసి, తర్వాత దిద్దింది. తప్పు ప్రతికి ధర పెరిగేసరికి తప్పుల వేట ఒక ప్రత్యేక శాఖ అయింది. ఒకే నంబరుకు రెండు కార్డులు, మూడు కార్డులు. 1988లో స్కోర్, 1989లో హోలోగ్రామ్‌తో అప్పర్ డెక్ వచ్చాయి. ఆ ఏళ్లలో అచ్చైన కార్డులకు అంతులేదు. పిల్లల చదువుకు పనికొస్తాయని తల్లిదండ్రులు పెట్టెలకు పెట్టెలు కొని అటకెక్కించారు. అందరూ దాచినదానికి ధర ఎక్కడిది? 1994లో ఆటగాళ్ల సమ్మెతో ఆ ఏటి వరల్డ్ సిరీస్ రద్దయింది, బజారు కూలింది. ఇళ్లలో మిగిలిన ఆ సరుకునే ఇప్పుడు చెత్త కాలపు కార్డులంటారు.

అప్పటికి కార్డులే రకరకాలుగా చీలాయి. 1993లో టాప్స్ ఫైనెస్ట్ వరసలో రిఫ్రాక్టర్లు వచ్చాయి. అదే ఆటగాడు, అదే ఫొటో, అదే నంబరు. వెలుతురులో ఇంద్రధనుస్సులా మెరవడమే తేడా. తర్వాత అంచు రంగు మార్చి నీలం, పచ్చ, బంగారు ప్రతులు, ‘50లో 25వది’ అంటూ వరస అంకె కొట్టిన ప్రతులు వచ్చాయి. వీటిని పారలల్స్ అంటారు. ఒక్క ఆటగాడికి ఒక్క వరసలో పది, ఇరవై రూపాలు. పుస్తకంలో టిక్కు పెట్టుకునే పద్ధతి అక్కడ చేతులెత్తేసింది. కంప్యూటరున్నవాళ్లు స్ప్రెడ్‌షీట్‌లోకి మారారు: ఏడు, కంపెనీ, వరస, నంబరు, పేరు, జట్టు, స్థితి, కొన్న ధర. ఇప్పటి యాప్‌లలో కనబడే గడులు దాదాపు ఇవే.

1991లో మొదలైన పీఎస్‌ఏ అనే సంస్థ కార్డును పరీక్షించి, ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి, దానికి ఒక ధ్రువీకరణ నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతవరకూ నంబరు కార్డు రకానిది. ఇప్పుడు ఫలానా ఒక్క ప్రతికి సొంత నంబరు వచ్చింది. ఏ కార్డుకు ఏ మార్కు ఎన్ని ప్రతులకు పడిందో లెక్క కూడా ఆ సంస్థే ప్రచురించింది. దాని తొలి నంబరు పడింది ఒక వాగ్నర్ కార్డుకు. ఆ కార్డును అదే ఏడు హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. దానికి ఎనిమిది మార్కులు పడ్డాయి. ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. పద్దులో మొదటి పంక్తే అలా తేలింది. అయినా ధ్రువీకరణ నంబరు పద్ధతి నిలిచింది, ఎందుకంటే ముఖం చూడని మనుషుల మధ్య బేరాలకు అదే ఆధారమైంది.

1995లో ఈబే మొదలయ్యాక ఆ బేరాలు వెల్లువెత్తాయి. పత్రిక చెప్పే ధరకు బదులు, నిన్న రాత్రి ఇదే కార్డు ఎంతకు పోయిందో ఎవరైనా చూడగలిగారు. ఇంకోవైపు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ట్రేడింగ్ కార్డ్ డేటాబేస్ వంటి వెబ్‌సైట్లలో, వరస వరసగా జాబితాలు టైపు చేసి, ముందువైపు, వెనకవైపు బొమ్మలు ఎక్కించారు. జీతం లేని ఈ పని బర్డిక్ పనికి నేరుగా కొనసాగింపు.

2008 జూలైలో యాపిల్ యాప్ స్టోర్ తెరుచుకుంది. తొలినాటి కార్డుల యాప్‌లు చేసిన పని చిన్నదే: ఇంటి జాబితాను జేబులోకి తేవడం. కార్డుల సంతలో బల్లల మధ్య తిరిగేవాడికి ఆ చిన్న పనే చాలు. లేని నంబర్లేవో అక్కడికక్కడ తెలిస్తే ఉన్నదాన్నే మళ్లీ కొనడం తప్పుతుంది. కాని ఎవరో ఒకరు ముందు ఆ జాబితా టైపు చెయ్యాలి. ఐదువేల కార్డులున్నవాడు ఐదువందల దగ్గర విసుగెత్తి వదిలేసేవాడు. 2012లో టాప్స్ బంట్ అనే యాప్ తెచ్చి ఈ చిక్కునే ఎగ్గొట్టింది. అందులో కార్డులు తెర మీదే ఉంటాయి, కాగితమే లేదు. సర్దడం దానంతట అదే జరుగుతుంది. అట్ట వాసన కావాలనేవాళ్లు దాన్ని కార్డుగా ఒప్పుకోలేదు.

2020లో కరోనా వల్ల జనం ఇళ్లలో ఇరుక్కుని అటకల మీది పెట్టెలు దింపారు. కార్డుల గిరాకీ ఊహించనంతగా పెరిగింది. 2021 మార్చి చివర పీఎస్‌ఏ పేరుకుపోయిన కార్డుల భారం మోయలేక చాలా రకాల కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. అదే ఏడు మే నెలలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని బ్రూక్‌ఫీల్డ్‌లో టార్గెట్ దుకాణం బయట కార్డుల గొడవ కొట్లాటకు దారితీస్తే, టార్గెట్ తన దుకాణాల్లో వాటి అమ్మకాన్నే కొంతకాలం నిలిపేసింది. అటకల మీంచి దిగిన కార్డులు ఏవో, ఎంత చేస్తాయో తెలియని కొత్తవాళ్లు, తిరిగొచ్చిన పాతవాళ్లు కోకొల్లలు. 2022లో విడుదలైన కాలెక్స్, దాని చుట్టుపక్కల ఏళ్లలో వచ్చిన లూడెక్స్ వంటి యాప్‌లు వాళ్లకోసం పుట్టినవే. టైపు చెయ్యక్కర్లేదు, కెమెరా ముందు పెడితే చాలు.

ఆ గుర్తుపట్టడం ఇలా సాగుతుంది. ఫ్రేములోని నాలుగు పక్కల ఆకారాన్ని యాప్ అంచుల ఆధారంగా పట్టుకుంటుంది. ఫోను వంకరగా పట్టుకున్నా కార్డును తిన్నగా సరిచేస్తుంది. ఆ బొమ్మను అంకెల వరుసగా మార్చి, తన దగ్గర ముందే ఉన్న లక్షలాది కార్డుల అంకెల వరుసలతో పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని బయటికి తీస్తుంది. వెనకవైపు అక్షరాలు చదివి నంబరు, సంవత్సరం సరిచూసే ఏర్పాటు కూడా ఉంటుంది. గ్రేడింగ్ అయిన కార్డుకైతే బొమ్మతో పనే లేదు, పలక మీది బార్‌కోడ్ లేదా ధ్రువీకరణ నంబరు చాలు. నల్లటి గుడ్డ పరిచి, ఫోన్ను స్టాండుకు బిగించి, తలపైన కాకుండా పక్కనుంచి వెలుతురు పడేలా చూసుకున్నవాళ్లకు పని చకచకా సాగుతుంది.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో పై చరిత్ర చదివినవాళ్లు ఊహించగలరు. రిఫ్రాక్టర్ మెరుపును కెమెరా దీపం వెలుతురు అనుకుంటుంది. అంచు రంగు పసుపు దీపం కింద మారిపోతుంది. 1983లో టాప్స్ తన 1952 వరసలో 402 కార్డులను మళ్లీ అచ్చువేసింది. ముందువైపు మాత్రమే చూసే యాప్‌కు నకలు మాంటిల్, అసలు మాంటిల్ ఒకటే. తెర మీద లక్షల డాలర్లు చూసి ఎగిరి గంతేసినవాళ్లు మర్నాడు కొలతలు చూసుకుని కూలబడతారు, ఎందుకంటే 1952 అసలు కార్డు నేటి కొలతకంటే పెద్దది, నకలు నేటి కొలతలో ఉంటుంది. కెనడాలో ఓ-పీ-చీ కంపెనీ వేసిన కార్డులకు, టాప్స్ కార్డులకు చాలా ఏళ్లపాటు ముందువైపు తేడా స్వల్పం. వెనక ఫ్రెంచి ఉంటే కెనడాది. టీ206లో ఏ సిగరెట్ ప్రకటన వెనక ఉందన్నదాన్ని బట్టి ధర పదిరెట్లు మారవచ్చు. ఇలాంటి వరసలకు తుది తీర్పు వెనకవైపే ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు యాప్ ఇచ్చిన జవాబును ప్రతిపాదనగా తీసుకుని, రెండువైపులా చూసి, వరస పేరును తామే దిద్ది భద్రపరుస్తారు.

ధర విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. చాలా యాప్‌లు ఈమధ్య అమ్ముడైన ధరల సగటు చూపిస్తాయి. ఆ సగటులో గ్రేడింగ్ అయినవి, కానివి కలిసిపోతే మూల నలిగిన కార్డుకు కూడా మేలు ప్రతి ధర అంటుకుంటుంది. ఏడాదికోసారి కూడా చేతులు మారని పాత కార్డులకు సగటు తీయడానికి అమ్మకాలే ఉండవు. తెర పైభాగాన కనబడే మొత్తం విలువ రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బెకెట్ బాణాలు నెలకోసారి చేసినదాన్ని ఇది గంటగంటకు చేస్తుంది. చెత్త కాలపు కార్డులు వెయ్యి ఉన్నవాడికి ఒక్కోదానికి పావు డాలరు చొప్పున వేసి చూపించే మొత్తం కాగితం మీది లెక్కే. పావు డాలరు కార్డును అమ్మితే తపాలా ఖర్చు దానికంటే ఎక్కువ.

నిజంగా పనికొచ్చే గడి చాలామంది ఖాళీగా వదిలేసేది: కార్డు ఎక్కడుందో చెప్పే గడి. తెల్ల అట్టపెట్టెలు ఎనిమిది వందల కార్డులు పట్టేవి మొదలుకొని ఐదువేలు పట్టేవి దాకా ఉంటాయి. పెట్టెకో నంబరు, వరసకో అక్షరం ఇచ్చి స్కాన్ చేసిన క్రమంలోనే సర్దుకుంటే, ఏ కార్డునైనా నిమిషంలో తీయవచ్చు. అప్పుడిక నంబర్ల వరసా జట్ల వరసా అన్న పాత తగువు ఉండదు, పెట్టెలో ఒక క్రమం, తెర మీద అడిగిన క్రమం. దొంగతనం, అగ్నిప్రమాదం జరిగితే బీమా సంస్థ అడిగేది కూడా ఫొటోలతో, కొన్న ధరతో ఉన్న ఈ జాబితానే.

బర్డిక్ పద్దు మ్యూజియంలో ఉంది, పిల్లల టిక్కులు కార్డుల మీదే ఉన్నాయి. యాప్‌లోని పద్దు మాత్రం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. పరిమితి దాటితే నెలవారీ చందా అడిగేవి ఉన్నాయి. కంపెనీలు చేతులు మారుతున్నాయి. టాప్స్ కార్డుల వ్యాపారాన్నే 2022 జనవరిలో ఫనాటిక్స్ కొనేసింది. కాబట్టి జాబితాను స్ప్రెడ్‌షీట్ ఫైలుగా బయటికి తీసుకునే వీలు ఏ యాప్ ఇస్తుందో, అందులో ఫొటోలు కూడా వస్తాయో లేదో కార్డులు ఎక్కించకముందే చూసుకోవడం సేకర్తల్లో అలవాటవుతోంది. ఆ ఫైలును ఏడాదికి ఒకటిరెండుసార్లు దించుకుని, ఇంటి కంప్యూటర్లో ఒకటి, బయట ఇంకోచోట ఒకటి ఉంచుకుంటున్నారు. అందులో గడులు మళ్లీ అవే: ఏడు, కంపెనీ, వరస, నంబరు, పేరు, జట్టు, స్థితి, పెట్టె.